నీళ్ల కింద ఊరు, కాగితాల మీద ఇళ్లు

(కడపలో స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డు చేసిన మాటలను స్వల్ప మార్పులతో ఇక్కడ ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. పొద్దుట్నుంచి కైఫియత్తుల మీద, అంటే ఊళ్ల పాత చరిత్ర రాతల మీద, శాసనాల మీద పెద్దలు మాట్లాడారు. మధ్యలో నన్ను నిలబెట్టి బ్రిటన్‌లోని వేల్స్ గురించి, అక్కడ నీళ్లలో మునిగిన ఒక ఊరివాళ్లను పాత కాగితాల్లో ఎలా వెతకాలో చెప్పమన్నారు. ఈవిడకి వేల్స్‌తో ఏం పని అని కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది. మా కోడలిది ఆ దేశం. మనవరాలిని బళ్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. తండ్రి వైపు నేను నోటితోనే ఏడు తరాలు చెప్పేశాను. తల్లి వైపు మూడో తరం దగ్గరే బండి ఆగిపోయింది. అందరూ జోన్సులే! ఏ జోన్సు ఎవరి కొడుకో వియ్యంకుల వారికే తెలియదు. నా పిచ్చి అక్కడ మొదలైంది. (నవ్వులు)

ఇంకో కారణం కూడా ఉంది, అది మన జిల్లాకు సంబంధించింది. 1800లో నిజాం మన కడపను, బళ్లారి, అనంతపురం ప్రాంతాలతో కలిపి కంపెనీకి ఇచ్చేశాడు కదా. అప్పుడు మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్, ప్లాసీ యుద్ధం చేసిన క్లైవ్ కొడుకు. మనం అప్పటి కలెక్టరు మన్రోను గుర్తు పెట్టుకుని గుళ్లో కూడా పెట్టాం గాని, ఈయన్ను మరిచిపోయాం. ఈయన భార్య హెన్రియెట్టా హెర్బర్ట్, వేల్స్‌లోని పోవిస్ కోట ఆడపడుచు. ఆమె అన్న పెళ్లి లేకుండానే 1801లో పోయాడు. ఆస్తి మేనల్లుడికి, అంటే మన గవర్నరు గారి కొడుక్కి రావాలి. అయితే క్లైవ్ అనే ఇంటిపేరు వదిలేసి హెర్బర్ట్ అని పెట్టుకోవాలని షరతు. 1807లో పెట్టుకున్నాడు. ఈలోగా 1804లో తండ్రికి పోవిస్ ఎర్ల్ అనే బిరుదు దక్కింది. టిప్పు సుల్తాను డేరా ఇప్పటికీ ఆ కోటలోనే ఉంది, టికెట్ కొని చూడొచ్చు.

ఆ గవర్నరు మనవడు, మూడో పోవిస్ ఎర్ల్, 1881 జులై 14న వేల్స్‌లోని మాంట్‌గోమరీషైర్ జిల్లాలో ఒక లోయలో ఆనకట్టకు మొదటి రాయి వేశాడు. ఆ ఆనకట్ట వెనక మునిగిపోయిన ఊరే ఈరోజు నా విషయం. ఊరి పేరు లన్వుదిన్. మొదటి అక్షరాన్ని వాళ్లు పలికినట్టు నేను పలకలేను. నాలుకను 'ల' దగ్గర పెట్టి గాలి ఊదాలట. మా మనవరాలు పలుకుతుంది.

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి మంచినీళ్లు కావాలి. 1880లో పార్లమెంటు చట్టం చేసింది. హాక్స్‌లీ, డీకన్ అనే ఇంజినీర్లు వర్న్వి నది మీద సుమారు 44 మీటర్ల ఎత్తున రాతి ఆనకట్ట కట్టించారు. బ్రిటన్‌లో అంత పెద్ద రాతి ఆనకట్ట అదే మొదటిది. 1888లో తూములు మూశారు. ఏడాదిలో లోయ నిండింది. మునిగినవి ఒక చర్చి, రెండు చాపెళ్లు (అధికార చర్చిలో కలవని క్రైస్తవ శాఖల ప్రార్థనా మందిరాలు), మూడు పబ్బులు, 37 ఇళ్లు, 10 రైతుల పెద్ద ఇళ్లు. సోమశిల వెనక నీళ్లలో ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. వాళ్లకు నేను ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు, పొలాలు, కొండలు, విడివిడిగా ఉన్న ఇళ్లు అన్నీ కలిపి. లన్వుదిన్ లాంటి చోట మన పల్లెల్లా ఇళ్లన్నీ ఒక్కచోట ఉండవు. చర్చి చుట్టూ కొన్ని ఉంటాయి. మిగతావి కొండ వాలులో ఒకటిక్కడ, ఒకటక్కడ. ప్రతి ఇంటికీ ఒక పేరు. పేరు లేని గొర్రెల కొట్టం కూడా ఉండదంటే నమ్మండి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా దీని మీదే ఆధారపడి ఉంది. వేల్స్ పల్లెల్లో మనిషి పేరు వెంట పడితే ఏమీ దొరకదు. ఇంటికి పెట్టిన పేరు వెంట పడితే, మన వంశపు ఇంటిపేరు కాదండీ, ఆ కట్టడం పేరు, మనిషి దానంతటదే దొరుకుతాడు.

మనిషి పేరుతో ఎందుకు దొరకదో చెప్తాను. పాత వేల్స్‌లో ఇంటిపేర్లు లేవు. ఫలానావాడి కొడుకు ఫలానా, అంతే. కొడుకుకు 'అప్', కూతురికి 'వెర్ఖ్' అని మధ్యలో పెట్టేవారు. అప్ హవెల్ కాలక్రమంలో పొవెల్ అయ్యింది, అప్ రీస్ ప్రైస్ అయ్యింది, అప్ రిచర్డ్ ప్రిచర్డ్ అయ్యింది, అబ్ ఓవెన్ బోవెన్ అయ్యింది. ఇలా ఇంటిపేరు స్థిరపడడం ఇంగ్లండు సరిహద్దు పక్క జిల్లాల్లో, కలిగిన కుటుంబాల్లో త్వరగా జరిగింది. కొండ పారిష్‌లలో మాత్రం 1800 దాటాక కూడా తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరుగా నడిచింది. ఎవన్ కొడుకు జాన్ అయితే జాన్ ఎవన్స్. వాడి కొడుకు విలియం, విలియం జోన్స్ అవుతాడు. వాడి కొడుకు ఎవన్ విలియమ్స్. తాత, తండ్రి, మనవడు ఒకే పొయ్యి దగ్గర కూర్చుని ఉంటారు, రిజిస్టర్లో చూస్తే మూడు వేరువేరు కుటుంబాల్లా కనిపిస్తారు. పైగా మనలాగే తాత పేరు మనవడికి పెట్టే అలవాటు. ఉన్నవి పది పదిహేను పేర్లు. ఒకే పారిష్‌లో ఒకే ఏడాది ముగ్గురు జాన్ జోన్సులకు బాప్తిస్మం జరిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ప్రొద్దుటూరు మార్కెట్లో నిలబడి "సుబ్బారెడ్డీ" అని కేకేస్తే ఎంతమంది తిరిగి చూస్తారో, ఇంటర్నెట్లో వేల్స్ జాన్ జోన్సును వెతికితే అంతే. (నవ్వులు)

ఆడవాళ్ల విషయం ఇంకొంచెం వేరు. పెళ్లయ్యాక కూడా చాలామంది పుట్టింటి పేరుతోనే చెలామణి అయ్యేవారు. సమాధి రాయి మీద భర్త పేరు ఒకటి, భార్య ఇంటిపేరు వేరొకటి ఉంటుంది. కొత్తగా వెతికేవాళ్లు "ఈవిడెవరో" అనుకుని వదిలేస్తారు. అది వదలకూడని ఆధారం.

ఒక ఉదాహరణ చెప్తే తేలిగ్గా ఉంటుంది. లన్వుదిన్‌కు ఆనుకుని లన్విహాంగెల్ అనే పారిష్ ఉంది. ఆ పేరుతో వేల్స్ నిండా ఊళ్లున్నాయి కాబట్టి దీనికి వెనక ఒక తోక తగిలించి పిలుస్తారు. అక్కడ దోల్వార్ వాఖ్ అనే రైతు ఇంట్లో 1776లో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆన్ గ్రిఫిత్స్ అంటే వేల్స్‌లో తెలియనివారు ఉండరు, వాళ్ల భక్తి కవిత్వంలో అంత పెద్ద పేరు. మన మొల్లను, వెంగమాంబను తలుచుకోండి. ఈమె తండ్రి జాన్ ఎవన్ థామస్. అంటే జాన్, తండ్రి ఎవన్, తాత థామస్, మూడు తరాలు ఒక్క పేరులో ఉన్నాయి. కూతురు పెళ్లిదాకా ఆన్ థామస్. 1804 అక్టోబరులో థామస్ గ్రిఫిత్స్‌ను పెళ్లి చేసుకుని ఆన్ గ్రిఫిత్స్ అయ్యింది. మరుసటి ఏడు ఆగస్టులో, కాన్పు తర్వాత, 29 ఏళ్లకే పోయింది. పసిబిడ్డ అంతకు కొద్ది రోజుల ముందే పోయింది. చూడండి, వేల్స్ అంతా పాడుకునే ఆమె పేరు, ఆమె బతికిన కాలంలో ఏడాది కూడా సరిగ్గా నడవని పేరు.

ఆమె రాసినవి మనదాకా ఎలా వచ్చాయి? ఇంట్లో పనిచేసిన రూత్ ఎవన్స్ అనే ఆవిడ వాటిని కంఠస్థం చేసింది. రూత్ భర్త జాన్ హ్యూస్ విని రాసుకున్నాడు. ఆన్ స్వహస్తాలతో రాసిన ఉత్తరం ఒకటే మిగిలింది. స్థానిక చరిత్రలో పనిమనిషి జ్ఞాపకం ఎంత విలువైనదో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇక్కడ ఇంకో కిటుకుంది. ఆన్ మెథడిస్టు. చాపెల్ మనిషి. అయినా ఆమె బాప్తిస్మం, పెళ్లి, ఖననం మూడూ పారిష్ చర్చి పుస్తకాల్లోనే ఉన్నాయి. కారణం, వేల్స్ కాల్వినిస్టు మెథడిస్టులు 1811 దాకా అధికార చర్చి నుంచి, అంటే ప్రభుత్వ ఆంగ్లికన్ చర్చి నుంచి, విడిపోలేదు. పెళ్లి సంగతి మరీ గట్టిది. 1754 నుంచి 1837 దాకా క్వేకర్లనే ఒక క్రైస్తవ శాఖవాళ్లు, యూదులు తప్ప ఎవరి పెళ్లయినా అధికార చర్చిలో జరిగితేనే చెల్లుబాటు. మా వాళ్లు చాపెల్ వాళ్లండీ, చర్చి రిజిస్టర్లో ఉండరండీ అని కొందరు ఆ పుస్తకాలు తెరవనే తెరవరు. చాపెల్ అభిమానం చరిత్ర వెతికేటప్పుడు పక్కన పెట్టాలి.

పారిష్ రిజిస్టర్లు పెట్టమని 1538లోనే ఆజ్ఞ వచ్చింది. వేల్స్ కొండల్లో అంత పాతవి మిగిలిన చోట్లు తక్కువ. చెమ్మ, ఎలుకలు, పాదిరి గారి బద్ధకం. అసలు పుస్తకం పోతే బిషప్పుకు ఏటా పంపిన నకళ్లు చూడాలి, అవి అబెరిస్ట్‌విత్‌లోని వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. బాప్తిస్మాలకు, ఖననాలకు 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి. అంతకు ముందు పాదిరి ఇష్టం. ఒకాయన "జాన్, ఫలానావాడి కొడుకు" అని ఊరుకుంటాడు. తర్వాత వచ్చినాయన వాళ్లు ఉండే ఇల్లు పేరు కూడా రాస్తాడు. అలాంటి పాదిరికి దణ్ణం పెట్టాలి. ఇంకొకటి, 1752కు ముందు వాళ్లకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1740 డిసెంబరు తర్వాత వచ్చే నెల 1740 జనవరే. ఇది తెలియక తల్లి పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందని లేనిపోని నింద వేసిన వంశవృక్షాలు ఇంటర్నెట్లో బోలెడు. ఆ ఆన్‌లైన్ వృక్షాలను నేను నమ్మను. ఒకరు కిట్టించినదాన్ని నలభై మంది కాపీ కొడతారు. నలభై చోట్ల ఉంది కాబట్టి నిజమే అంటారు.

ఇక ఇంటి దగ్గరికి వద్దాం. ఇల్లు పట్టుకోవడానికి మొదటి మెట్టు జనాభా లెక్క. 1841లో పేర్లతో మొదలైంది, కానీ పెద్దవాళ్ల వయసులు అయిదుకు తగ్గించి రాశారు. 39 ఏళ్లవాడు 35 అవుతాడు. 1851 నుంచి వరస, వయసు, పుట్టిన పారిష్ అన్నీ ఉంటాయి. 1921 దాకా ఇప్పుడు చూడొచ్చు. వేల్స్ పల్లెల్లో లెక్క రాసినవాడు ఇల్లు పేరు కచ్చితంగా రాస్తాడు. ఎందుకంటే ఇల్లు పేరు లేకపోతే ఏ జాన్ జోన్సో వాడికే తెలియదు.

రెండో మెట్టు దశమ భాగం పటాలు. చర్చికి పంటలో పదో వంతు ఇచ్చే పద్ధతిని డబ్బు కిందకు మారుస్తూ 1836లో చట్టం వచ్చింది. దాని కోసం పారిష్ పారిష్‌కూ పటం గీశారు. పటంలో ప్రతి మడికీ ఒక నంబరు. పక్కన పుస్తకంలో ఆ నంబరుకు యజమాని ఎవరు, సాగు ఎవరిది, పొలం పేరేమిటి, దున్నుతున్నారా గడ్డి వేశారా, విస్తీర్ణం ఎంత, చెల్లించాల్సింది ఎంత. అడంగల్ చూసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. వేల్స్‌కు చెందిన ఇలాంటి పటాలు 1,200కు పైగా జాతీయ గ్రంథాలయం వాళ్లు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. ఇక్కడ కడపలో కూర్చుని లన్వుదిన్ పటం మీద వేలు పెట్టి చూడొచ్చు. ఇప్పుడు నీళ్లున్న చోట అప్పుడు ఏ మడి ఎవరు దున్నారో కనిపిస్తుంది. ఒక పటాన్ని, 1841 లెక్కను పక్కపక్కన పెట్టుకుంటే చాలు, కాగితం మీద ఊరు లేచి నిలబడుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ పొలాల పేర్లు చదవడం. పక్షి పేర్లు, చెట్టు పేర్లు, ఎప్పుడో చచ్చిపోయిన పనివాళ్ల పేర్లు.

మూడోది భూస్వాముల కాగితాలు. లన్వుదిన్ లోయలో పెద్ద భూస్వాముల్లో పోవిస్ ఎర్ల్ ఒకరు. ఆ ఎస్టేటు దస్తావేజులు కూడా జాతీయ గ్రంథాలయానికే చేరాయి. వాటిలో మూడు ప్రాణాల కౌలు అని ఒక రకం ఉంటుంది. కౌలు గడువు ఇన్నేళ్లని కాకుండా ముగ్గురు మనుషుల ఆయుష్షుకు ముడిపెడతారు. సాధారణంగా కౌలుదారు, భార్య, చిన్న కొడుకు. ముగ్గురిలో చివరివాడు పోయేదాకా ఇల్లూ పొలమూ వాళ్లవే. అందుకని గట్టిగా ఉండే పిల్లవాడిని చూసి పేరు రాయించేవారు. భూస్వామికి వాళ్లు బతికున్నారా లేదా అన్నది డబ్బుతో పని, కాబట్టి వయసులు కూడా రాసుకున్నాడు. పాదిరి మరిచిపోయిన బిడ్డను జమీందారు గుమాస్తా మరిచిపోడు. తండ్రీ కొడుకుల ఇంటిపేర్లు వేరైనా ఇల్లు ఒకటే కాబట్టి ఇక్కడ ముడి విడిపోతుంది. మా కోడలి వంశంలో రెండు తరాలు ఇలాంటి కౌలు కాగితంతోనే కలిశాయి.

వీలునామాలు కూడా చూడండి. 1858కి ముందువి చర్చి కోర్టుల్లో నమోదయ్యేవి. వేల్స్ వీలునామాలు 1,90,000కు పైగా ఆన్‌లైన్‌లో ఉచితం. 1750కి ముందువాటితో తరచూ ఆస్తి జాబితా ఉంటుంది. ఎన్ని ఆవులు, ఎన్ని గొర్రెలు, మంచం, ఇత్తడి గిన్నె, బొంత. పేదవాళ్లు వీలునామా రాయరు కదా అంటారా, రాయరు. వాళ్లు వేరే చోట దొరుకుతారు. 1662 చట్టం ప్రకారం పేదవాడిని పోషించాల్సింది వాడి సొంత పారిష్. పక్క పారిష్ నుంచి వచ్చిన గర్భిణి అయితే ఆ ఖర్చు తమ మీద పడకుండా తరిమేసేవారు. తరిమేముందు విచారణ చేసి ఎక్కడ పుట్టింది, ఎవరి దగ్గర పనిచేసింది రాసుకునేవారు. చదువుతుంటే ఒళ్లు మండుతుంది. కానీ ఆ కాగితం లేకపోతే ఆ మనిషి గురించి మనకు ఒక్క ముక్క కూడా తెలిసేది కాదు.

(సభలోంచి ప్రశ్న: పేపర్లలో ఏమన్నా దొరుకుతుందా అమ్మా?)

అడిగారు కాబట్టి చెప్తాను, అది లేకపోతే ఈ పని సగం కూడా జరగదు మాస్టారూ. వేల్స్ వార్తాపత్రికలు 1919 దాకా, పది లక్షల పేజీలకు పైగా, జాతీయ గ్రంథాలయం సైటులో ఉన్నాయి. రూపాయి ఖర్చు లేదు. ఒక చిక్కుంది. వెల్ష్ భాషలో ముందు మాటను బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారుతుంది. లన్వుదిన్‌ను వాళ్లు రెండు 'ఎల్'లతో మొదలుపెట్టి రాస్తారు. 'నుంచి' అన్నా, 'కు' అన్నా ముందు ఒక ఎల్ ఎగిరిపోతుంది. కంప్యూటరుకు అది తెలియదు. రెండు ఎల్‌లతో ఒకసారి, ఒక ఎల్‌తో మరోసారి వెతకాలి. ఒక్కసారే వెతికితే వెల్ష్ పత్రికల్లో ఉన్న వార్తల్లో చాలా భాగం కళ్ల ముందే దాటిపోతుంది. చాపెళ్ల మాసపత్రికలు ఇంకా గొప్పవి. మెథడిస్టులకు 'డ్రసోర్వా', బాప్టిస్టులకు 'సెరెన్ గోమెర్' ఉండేవి. వాటిలో మామూలు రైతులకు, రైతుల భార్యలకు పేజీ పేజీ సంతాపాలు వేసేవారు. ఎక్కడ పుట్టింది, ఏ ప్రసంగం విని మనసు మారింది, చివరి మాటలేమిటి. పొగడ్త ఎక్కువే, అది తీసేసుకుని చదవాలి.

ఇప్పుడు లన్వుదిన్‌కే ప్రత్యేకమైన సంగతి. 1881 జనాభా లెక్క ఏప్రిల్ 3 రాత్రి తీశారు. శంకుస్థాపన జులైలో. మధ్యలో మూడు నెలలు. అంటే ఆ పాత ఊరు ఊరుగా ఉన్నప్పటి చివరి లెక్క అది. చట్టం అప్పటికే అయిపోయింది, తమ ఇల్లు పోతుందని అందరికీ తెలుసు. అయినా ఫారంలో అదంతా ఏమీ ఉండదు. రైతు, రైతు భార్య, గొర్రెల కాపరి, పనిమనిషి, బడిపిల్లవాడు. మామూలు రోజు లాగే ఉంటుంది. నేను చదివిన రికార్డుల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినది ఇదే.

పదేళ్ల తర్వాత, 1891 ఏప్రిల్ 5 నాటి పుస్తకం తెరిస్తే లోయ అడుగునున్న ఇళ్ల పేర్లు లేవు. ఉండవు కదా, వాటి మీద నీళ్లున్నాయి. మరి మనుషులెక్కడ? ఇక్కడ మన సూత్రాన్ని తిరగేయాలి. ఇల్లు పోయింది, పేరేమో పనికిరాదు. మిగిలింది పుట్టిన చోటు. ఎవరెక్కడ ఉన్నా పుట్టిన పారిష్ అన్న గడిలో లన్వుదిన్ అనే రాస్తారు. 1891 లెక్కలో మనిషి పేరు గడి ఖాళీగా వదిలేసి పుట్టిన చోటు మాత్రమే నింపి వెతకండి. కొందరు ఆనకట్ట కింద లివర్‌పూల్ వాళ్లు కట్టిచ్చిన కొత్త ఊళ్లో ఉంటారు. కొందరు పక్క పారిష్‌లలో. కొందరు తమ ఊరిని ముంచిన లివర్‌పూల్‌లోనే. దీనికి ఆశ్చర్యపోకండి. ఆ రోజుల్లో లివర్‌పూల్ నిండా వేల్స్ జనం, వెల్ష్ చాపెళ్లు. వాళ్ల జాతీయ కవితా ఉత్సవం ఐస్టెత్‌వోద్‌ను 1884లో లివర్‌పూల్‌లోనే జరుపుకున్నారు, ఆనకట్ట పని నడుస్తున్న ఏళ్లలోనే. పల్లె వేల్స్‌ను వేల గాజు పలకల మీద ఫొటోలు తీసి మనకు మిగిల్చిన జాన్ థామస్ దుకాణం కూడా లివర్‌పూల్‌లోనే ఉండేది. కాబట్టి మంచివాళ్లు కొండల్లో, చెడ్డవాళ్లు పట్నంలో అని కథ రాసుకోవడం సులువే గాని, ఊళ్లో సగం మందికి అక్కడ ఒక చుట్టం ఉన్నాడు. నీళ్లు వెళ్లే ముందే పిల్లలు వెళ్లారు.

1891 లెక్కలోనే వేల్స్‌లో మొదటిసారి ఏ భాష మాట్లాడతారని అడిగారు. వెల్ష్ మాత్రమే, ఇంగ్లీషు మాత్రమే, రెండూ. ఒకే ఇంట్లో అవ్వకు వెల్ష్, మనవడికి రెండూ అని ఉంటే ఆ కుటుంబం ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది.

సమాధుల దగ్గర జాగ్రత్త. పాత చర్చిని కూల్చే ముందు అక్కడి అవశేషాలను తవ్వితీసి, కొండ మీద కట్టిన కొత్త చర్చి ఆవరణలో తిరిగి పూడ్చారు. కొత్త చర్చిని 1888 నవంబరులో ప్రతిష్ఠించారు. అంచేత 1790లో పోయిన మనిషి వందేళ్ల తర్వాత వెలిసిన శ్మశానంలో ఉంటాడు. తారీఖు చూసి చోటు, చోటు చూసి తారీఖు ఊహించకూడదు. ఆనకట్ట పని జరిగిన ఏళ్లలో పోయిన 44 మంది కూలీలకు అక్కడ ఒక స్మారక స్తంభం ఉంది. వాళ్లలో చాలామంది బయట ఊళ్లవాళ్లు. పారిష్ చరిత్ర రాసేవాళ్లు వీళ్లను తమవాళ్లుగా లెక్కపెట్టరు. నా ఉద్దేశంలో లెక్కపెట్టాలి. వేరే పారిష్‌లో వాళ్ల కోసం ఎదురుచూసినవాళ్ల వారసులు వెతుకుతుంటారు.

(సభలోంచి ప్రశ్న: మన దగ్గర ఇలాంటి రికార్డులు ఎక్కడివండీ?)

లేవని ఎందుకనుకుంటారు? ఇనాం రిజిస్టర్లున్నాయి, రీసెటిల్‌మెంటు రిజిస్టర్లున్నాయి, కాశీ పండాల పుస్తకాలున్నాయి. సోమశిల కోసం పరిహారం చెల్లించినప్పుడు ఏ ఇంటికి ఎంత ఇచ్చారో రాయకుండా ఇచ్చారా? ఆ జాబితాలు ఎక్కడో ఒక కార్యాలయంలో దుమ్ము కింద ఉంటాయి. మునిగిన ఊరికి ఒక లాభం ఏమిటంటే, ముంచేముందు ప్రభుత్వం ప్రతి ఇంటినీ కొలుస్తుంది. ఆ కొలిచిన కాగితం అడగండి. బతికున్న ముసలివాళ్లతో ఇంటి వరసలు చెప్పించుకుని, ఎవరి పక్కన ఎవరిదో గీయించుకోండి. ఇది ఈ ఏడే చేయాలి.

(సభలోంచి ప్రశ్న: ఈ పనికి వెల్ష్ భాష రావాలా?)

సగం పనికి అక్కర్లేదు. అదొక విచిత్రం. పారిష్‌లో నూటికి తొంభై మంది మాట్లాడేది వెల్షే అయినా పారిష్ రిజిస్టర్లు మొదట లాటిన్‌లో, తర్వాత ఇంగ్లీషులో. జనాభా లెక్క పుస్తకాలు, కౌళ్లు, కోర్టు కాగితాలు అన్నీ ఇంగ్లీషే. పారిష్‌లో ఇంగ్లీషు ముక్క రాని మనిషి బతుకంతా ఇంగ్లీషులో నమోదై ఉంటుంది. 1847లో వేల్స్ బడుల మీద ముగ్గురు విచారణాధికారులు నివేదిక రాశారు. ముగ్గురికీ వెల్ష్ రాదు. వాళ్ల భాషను, వాళ్ల ఆడవాళ్ల నడతను కూడా తక్కువ చేసి రాశారు. ఆ నివేదికకే నీలి పుస్తకాలని పేరు, ఆ పేరెత్తితే వేల్స్‌లో ఇప్పటికీ కోపాలొస్తాయి. అయినా ఏ పల్లెలో బడి ఎక్కడ నడిచింది, ఎంతమంది పిల్లలు, పంతులు ముందేం పని చేసేవాడు అన్నీ అందులోనే ఉన్నాయి. తిట్టుకుంటూనే వాడుకోవాలి.

చాపెల్ కాగితాలకు, మాసపత్రికలకు, సమాధి రాళ్లకు మాత్రం వెల్ష్ కావాలి. భయపడకండి, రాళ్లకు ఇరవై ముప్పై మాటలొస్తే చాలు. 'ఏర్ కోవ్' అంటే జ్ఞాపకార్థం, 'మాబ్' కొడుకు, 'మెర్ఖ్' కూతురు, 'గ్వ్రైగ్' భార్య, 'హెవిద్' అంటే ఇంకా అని, దాని కింద మరో పేరు ఉంటుందని అర్థం. అక్కడిది పలక రాయి కాబట్టి రెండొందల ఏళ్ల అక్షరాలు కూడా నిన్న చెక్కినట్టుంటాయి. అడుగున చిన్న పద్యం ఉంటే దాన్ని వదిలేయకుండా ఫొటో తీసుకోండి. ఊరి కవి రాసి ఉంటాడు, ఆయన పేరు కూడా ఉండొచ్చు. ఈ మాటల పట్టిక తెలుగు ఉచ్చారణతో జిరాక్సు చేయించి తెచ్చాను. కైఫియత్తుల పుస్తకాల పక్కన బల్ల మీద పెట్టాను, కావలసినవాళ్లు తీసుకోండి. నమస్కారం.